ఆసుపత్రిలో పెద్దవారికి ఉన్నట్టుండి మతి తప్పితే: డెలీరియంను గుర్తించి సంభాళించడం ఎలా

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించుకున్న ఎనభై ఏళ్ల మనిషి, నిన్నటిదాకా కౌలు లెక్కలన్నీ నోటితో చెప్పగలిగినవారు, రెండో రోజు రాత్రి సెలైన్ సూది లాగేసుకుని, ఎడ్లు తాడు తెంచుకుపోయాయంటూ మంచం దిగబోతారు. అదే వార్డులో, అదే ఆపరేషన్ అయిన మరో పెద్దావిడ ఎవరితోనూ మాట్లాడకుండా, నోట్లో పెట్టిన ముద్ద నమలడం కూడా మరచిపోయి, రోజంతా మగతగా పడి ఉంటుంది. మొదటివారిని చూసి అందరూ కంగారు పడతారు. రెండో ఆవిడ అలిసిపోయిందని, కాసేపు పడుకోనివ్వమని అంటారు. నిజానికి ఇద్దరికీ వచ్చింది ఒకటే, డెలీరియం. పాతకాలం వారు సంధి పుట్టిందన్నది చాలావరకు దీన్నే.

ఇది పిచ్చి కాదు, గాలి సోకడం కాదు, వయసుతో మెల్లగా వచ్చే మతిమరుపు కూడా కాదు. ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, నొప్పి, పడని మందు వంటి ఏదో ఒక ఇబ్బంది మెదడు పనిని కొన్ని గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో తారుమారు చేస్తే డెలీరియం వస్తుంది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2010లో వెలువరించిన మార్గదర్శకాలు నలుగురిని ముందే గమనించి ఉండమంటాయి: 65 ఏళ్లు దాటినవారు, ఇప్పటికే మతిమరుపు ఉన్నవారు, తుంటి ఎముక విరిగినవారు, తీవ్రమైన జబ్బుతో చేరినవారు. మీ ఇంటి మనిషి వీరిలో ఒకరైతే, డెలీరియం వచ్చాక వెతుక్కోవడం కన్నా చేరిన రోజు నుంచే ఇక్కడ చెప్పబోయే జాగ్రత్తలు పాటించడం మంచిది.

వైద్యం డాక్టర్లే చేయాలి. గుర్తించడంలో మాత్రం మీదే పైచేయి. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు కొద్ది నిమిషాలే చూస్తారు, నర్సులు షిఫ్టు మారగానే మారిపోతారు. ఈ మనిషి మామూలుగా ఎలా మాట్లాడతారో, ఎంత చురుగ్గా ఉంటారో ఆ భవనం మొత్తంలో తెలిసినది పక్కన కూర్చున్న మీకే.

చేరిన రోజే రాసి ఇవ్వవలసినవి

ఒక కాగితం మీద రోగి మామూలు స్థితిని నాలుగు వాక్యాల్లో రాయండి. పేర్లు గుర్తుంటాయా, డబ్బు లెక్క చూసుకుంటారా, ఒంటరిగా బజారుకు వెళ్లి రాగలరా, చెవి సరిగా వినిపిస్తుందా అన్నవి చాలు. దాని కింద వాడుతున్న మందులన్నీ రాయండి. బీపీ, షుగరు మాత్రలతో ఆపకుండా, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నిద్రమాత్రలు, దురద మాత్రలు, ఆర్ఎంపీ దగ్గర తీసుకున్న నొప్పి మాత్రలు కూడా చేర్చండి. పేర్లు తెలియకపోతే ఖాళీ స్ట్రిప్పులు తెచ్చి చూపించండి.

తాగుడు సంగతి దాచకండి. పరువు పోతుందని చాలా కుటుంబాలు ఈ ఒక్క విషయం దగ్గరే నోరు మూసుకుంటాయి, ముఖ్యంగా తాగేది ఇంటి పెద్దావిడ అయినప్పుడు. రోజూ తాగే మనిషి ఆసుపత్రిలో చేరగానే తాగుడు ఆగిపోతుంది. కొన్ని గంటలకే చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు, సాధారణంగా రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య తీవ్రమైన డెలీరియం రావచ్చు. ఇది ప్రాణాంతకం కాగలదు. కల్లు తాగేవారి విషయంలో ఇంకో చిక్కుంది. తెలంగాణలో పట్టుబడిన కల్తీ కల్లులో అల్ప్రజోలం, డయజెపామ్ వంటి మత్తు మందులు చాలాసార్లు బయటపడ్డాయి. అలాంటి కల్లు హఠాత్తుగా మానితే ఆ మందులు మానినట్టే అవుతుంది. ఇతర డెలీరియంలో ఈ తరగతి మందులు పరిస్థితిని మరింత చెడగొడతాయి, తాగుడు మానడం వల్ల వచ్చినదానికి మాత్రం ఇవే అసలు చికిత్స, వీటికి తోడు థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ కూడా ఇస్తారు. అందువల్ల మీరు దాచిన ఒక్క మాట వైద్యాన్ని పూర్తిగా తప్పుదారి పట్టించగలదు. రోజుకు ఎంత తాగుతారో, చివరిసారి ఎప్పుడు తాగారో డ్యూటీ డాక్టరుకు విడిగా చెప్పండి.

ఎలా గుర్తించాలి

రోజుకు రెండుసార్లయినా, ముఖ్యంగా చీకటి పడే వేళకు, ఈ ప్రశ్న వేసుకోండి: మొన్నటితో పోలిస్తే ఈ మనిషి వేరేగా ఉన్నారా? అవునని మీ మనసుకు తోస్తే ఆ అనుమానాన్ని తేలికగా తీసుకోకండి.

డెలీరియంకు ముఖ్యమైన గుర్తు ధ్యాస నిలవకపోవడం. మీరు అడిగినదానికి జవాబు మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తారు, మాట్లాడుతుండగానే గోడవైపు చూస్తూ ఉండిపోతారు, ఒక్క ప్రశ్నను మూడుసార్లు చెప్పవలసి వస్తుంది. రెండో గుర్తు ఎక్కువ తక్కువలు. పొద్దున బాగా మాట్లాడి కాఫీ అడిగినవారు సాయంత్రానికి కొడుకును అన్నయ్య అని పిలుస్తారు, తెల్లారేసరికి మళ్లీ తేరుకుంటారు. డాక్టరు వచ్చేది సరిగ్గా ఆ తేరుకున్న వేళకే కాబట్టి మీ మాటను అనుమానించే అవకాశం ఉంది. అందుకే గంటలతో సహా రాసి పెట్టుకోవాలి. వీటికి తోడు మాటలకు పొంతన లేకపోవడం, లేని పురుగులో మనుషులో కనిపించడం, పక్కబట్టలు పీకడం, గాలిలో ఏదో అందుకోబోవడం, నర్సులు విషం పెడుతున్నారని భయపడటం, పగలు నిద్ర, రాత్రి మెలకువ ఉండవచ్చు.

గొడవ చేసే రకాన్ని ఎవరైనా గుర్తిస్తారు. నిశ్శబ్దంగా ఉండే రకమే పెద్దవారిలో ఎక్కువగా చూపు తప్పించుకుంటుంది. ఆ రోగి ఎవరికీ ఇబ్బంది పెట్టరు, పైగా వార్డుకు సుఖంగా ఉంటారు. తినడం తగ్గి, కదలిక తగ్గి, పిలుపుకు ఆలస్యంగా పలుకుతూ, అన్నిటికీ ఊ అంటున్న మనిషి విశ్రాంతి తీసుకుంటున్నారని అనుకోవద్దు. కదలకుండా పడి ఉంటే పక్కపుండ్లు, న్యుమోనియా, తిన్నది పొరబోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్లడం వంటివి వెంటవస్తాయి కనుక, ఈ రకాన్ని మరింత గట్టిగా పట్టించుకోవాలన్నది నా అభిప్రాయం.

రెండు నిమిషాల పరీక్ష

ఎడిన్‌బరో వైద్యులు రూపొందించిన 4ఏటీ అనే పరీక్షను చాలా దేశాల్లో వార్డుల్లోనే రెండు నిమిషాల్లో చేస్తున్నారు. ఇందులో నాలుగు అంశాలు ఉంటాయి. రోగి తెలివిగా ఉన్నారా, మగతగానో మితిమీరిన ఉద్రేకంతోనో ఉన్నారా అన్నది మొదటిది. వయసు, పుట్టిన తేదీ, ఇప్పుడున్న చోటు, ఇప్పటి సంవత్సరం చెప్పగలరా అన్నది రెండోది. డిసెంబరు నుంచి నెలలను వెనక్కి చెప్పడం మూడోది. ఇటీవలే మార్పు వచ్చిందా, హెచ్చుతగ్గులు ఉన్నాయా అన్నది నాలుగోది. మొత్తం 12 మార్కుల్లో 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డెలీరియం ఉండవచ్చని భావిస్తారు. ఇటీవలి మార్పు ఒక్కదానికే 4 మార్కులు ఉన్నాయి. అది చెప్పగలిగేది ఇంటివారే.

మార్కులు వేయడం సిబ్బంది పని. ఇదే ధోరణిలో మీరూ పరీక్షించి చూడవచ్చు, కానీ మన పెద్దవారి విషయంలో కొంత సర్దుబాటు అవసరం. పుట్టిన తేదీ అసలే తెలియనివారు, ఆధార్ కార్డులో జనవరి 1 అని పడినవారు ఎందరో ఉన్నారు. బడికి వెళ్లని ఆవిడ ఇంగ్లీషు నెలలు వెనక్కి చెప్పలేకపోతే అది జబ్బు కాదు. శనివారం నుంచి వారాలను వెనక్కి చెప్పమనండి, లేదా ఇరవై నుంచి ఒకటి వరకు లెక్కపెట్టమనండి. చేరిన రోజు చెప్పగలిగి ఇవాళ శనివారం, శుక్రవారం దగ్గరే ఆగిపోయి చూపు తిప్పేసుకుంటే, ఆ తేడాయే మీకు కావలసిన సమాచారం.

డాక్టరుకు ఎలా చెప్పాలి

"ఏదోలా ఉంది, చూడండి" అంటే పని జరగదు. మార్పును, సమయాన్ని, అనుమానాన్ని కలిపి ఇలా చెప్పండి: "డాక్టరుగారూ, మా అమ్మ సోమవారం రాత్రి వరకు మామూలుగానే ఉంది. నిన్న సాయంత్రం ఆరింటి నుంచి నన్ను మా పెద్దమ్మ పేరుతో పిలుస్తోంది. మధ్యలో గంటసేపు బాగానే మాట్లాడింది, రాత్రంతా నిద్రపోలేదు. ఇది డెలీరియమేమో చూస్తారా?" ఈ వయసులో మామూలే అన్న జవాబు వస్తే, ఇది ఆమెకు మామూలు కాదని మర్యాదగానే మరోసారి చెప్పి, కేస్ షీటులో రాయమని అడగండి.

మూతి ఒకవైపు లాగడం, ఒక చెయ్యో కాలో పడిపోవడం, మాట ముద్దకావడం, ఫిట్స్, ఆయాసం, ఛాతీలో నొప్పి, తట్టి లేపినా లేవకపోవడం, మంచం మీంచి పడి తలకు దెబ్బ తగలడం వంటివి ఉంటే మాత్రం రౌండ్స్ కోసం ఎదురుచూడకుండా ఆ క్షణమే పిలవాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు తల కొట్టుకుంటే పైకి గాయం కనిపించకపోయినా చెప్పాలి.

కారణం వెతకడం

డెలీరియంకు అసలు చికిత్స కారణాన్ని సరిచేయడమే. తరచుగా ఒకటి కాదు, మూడు నాలుగు కారణాలు కలిసి ఉంటాయి కనుక ఒకటి దొరికిందని వెతుకులాట ఆపకూడదు. వైద్యులు పరీక్షలు చేస్తుండగా మీరు గుర్తుచేయదగినవి కొన్ని ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు వేలి మీద షుగరు పరీక్ష చేయమనండి. షుగరు మాత్ర వేసుకుని తిండి తినని మనిషికి అది 70 కన్నా దిగువకు పడిపోతే ఇదే రూపంలో కనిపించవచ్చు, సరిచేయడానికి నిమిషాలే పడుతుంది. వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూడటమూ అంతే తేలిక. తరువాత పొత్తికడుపు సంగతి. మూత్రం బిగపట్టి కడుపు ఉబ్బినా, యూరిన్ పైపు మడతపడి మూసుకుపోయినా, నాలుగైదు రోజులుగా విరేచనం కాకపోయినా, చెప్పుకోలేని పెద్దవారిలో ఆ బాధ కలవరంగా బయటపడుతుంది. చివరిసారి విరేచనం ఎప్పుడయిందో నర్సును అడిగితే తరచుగా ఎవరికీ తెలియదు. ఆ లెక్క మీరే ఉంచుకోండి.

జ్వరం లేదు కాబట్టి ఇన్ఫెక్షన్ లేదనుకోకూడదు. ఎనభై ఏళ్ల ఒంటికి న్యుమోనియా వచ్చినా వేడి పెరగకపోవచ్చు. రక్తపరీక్షలో సోడియం మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉండాలి. బీపీ మాత్ర పేరు చివర హెచ్ అనే అక్షరం ఉంటే అందులో సాధారణంగా హైడ్రోక్లోరోథయాజైడ్ ఉంటుంది. పెద్దవారిలో సోడియం పడిపోవడానికి ఈ మందు ఒక కారణం కాగలదు. కాబట్టి ఆ స్ట్రిప్పు చూపించండి, అంతేగాని మీ అంతట మీరు ఆపకండి.

ఆసుపత్రిలో కొత్తగా మొదలైన మందులను గురించి ప్రత్యేకంగా అడగాలి. నిద్ర కోసం ఇచ్చే అల్ప్రజోలం, లోరాజెపామ్, అలర్జీకి ఇచ్చే ప్రొమెథజైన్, ఫెనిరమిన్, నొప్పికి ఇచ్చే ట్రమడాల్, చేతి వణుకుకు ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ పెద్దవారి మెదడును సులభంగా కలతపెడతాయి. అలాగని నొప్పి మందులన్నీ ఆపించడం కూడా పొరపాటే. తుంటి ఆపరేషన్ తరువాత నొప్పి తగ్గకపోవడం కూడా డెలీరియంకు దారితీస్తుంది. రోజంతా వేళకు పారాసిటమాల్ ఇచ్చి, బలమైన మందును అవసరమైనంతే వాడవచ్చేమో అడగండి. రోగి నొప్పి అని చెప్పకపోయినా, పక్కకు తిప్పినప్పుడు ముఖం చిట్లించడం, చెయ్యి విదిలించడం చూసి మీరే చెప్పాలి.

పడక పక్కన చేయవలసినవి

అమెరికాలో యేల్ పరిశోధకులు 70 ఏళ్లు దాటిన 852 మంది రోగులతో చేసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, పగలు నడిపించడం, రాత్రి నిద్రపోనివ్వడం, నీళ్లు తాగించడం, కళ్లజోడు, చెవి మిషను అందుబాటులో ఉంచడం, రోజూ తేదీ, చోటు గుర్తుచేయడం వంటి పనులతో డెలీరియం వచ్చినవారు 15 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గారు. అక్కడ ఈ పనులు చాలావరకు శిక్షణ పొందిన వాలంటీర్లు చేశారు. మన దగ్గర అటెండెంటు లేని రోగి అరుదు కాబట్టి ఆ మనుషులు మనకు ముందే ఉన్నారు, పని తెలియజెప్పడమే మిగిలింది.

పోతాయన్న భయంతో కళ్లజోడు, చెవి మిషను, కట్టుడుపళ్లు ఇంటికి పంపించేస్తారు. చూపు సరిగా ఆనక, మాట వినబడక కొత్తచోట పడి ఉన్న మనిషికి గోడ మీది నీడ దొంగలాగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. పేరు రాసిన డబ్బాలో వాటిని మంచం పక్కనే ఉంచి, మెలకువగా ఉన్నంతసేపూ పెట్టండి. పెద్ద అంకెల గడియారం, గోడకు తెలుగు క్యాలెండరు కనిపించేలా ఏర్పాటు చేయండి. మన పెద్దవారిలో చాలామందికి తేదీ కన్నా తిథీ వారమే గుర్తుంటాయి కనుక, ఇవాళ బుధవారం, ఏకాదశి అని చెబితే వారికి తేలిగ్గా అందుతుంది. అలవాటైన సుప్రభాతమో, నమాజు పిలుపో, ప్రార్థన గీతమో పొద్దున చిన్నగా వినిపిస్తే తెల్లవారిందని తెలుస్తుంది.

మాట్లాడేటప్పుడు ఎదురుగా కూర్చుని, ఒక్కో వాక్యం నెమ్మదిగా చెప్పండి: "నాన్నా, నేను మీ చిన్నబ్బాయిని. మీరు ఆసుపత్రిలో ఉన్నారు. తుంటికి ఆపరేషన్ అయింది, బాగా జరిగింది. ఇప్పుడు పొద్దున ఎనిమిదైంది." ఎడ్లు పోయాయని ఆయన అంటే, ఎడ్లను అమ్మి ఇరవై ఏళ్లయిందని వాదించవద్దు, అవునవును పోయాయని వంతపాడనూ వద్దు. "కంగారు పడకండి, నేను ఇక్కడే ఉన్నాను, ఇంటి దగ్గర అంతా బాగానే ఉంది" అని ఆ భయానికి జవాబు చెప్పి మాట మళ్లించండి. పరామర్శకు వచ్చేవారిని ఒక్కసారి ఇద్దరికి మించి లోపలికి పంపకండి. వచ్చిన ప్రతివారూ "నన్ను గుర్తుపట్టావా?" అని పరీక్ష పెట్టడం మనకు అలవాటు. అది మానిపించి, ముందుగా తమ పేరు, వరస చెప్పుకోమనండి. హైదరాబాదు ఆసుపత్రుల్లో నర్సు తెలుగు మాట్లాడకపోతే పక్కనుండి మీరు తెలుగులో చెప్పండి. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లి అక్కడ ఆసుపత్రిలో చేరిన తల్లిదండ్రులకైతే ఉచితంగా తెలుగు దుబాసీని అడగండి, ఫోనులోనైనా ఏర్పాటు చేస్తారు.

నీళ్లు, మజ్జిగ, జావ కొద్దికొద్దిగా తరచుగా ఇవ్వండి, అయితే ద్రవాలు తగ్గించమని చెప్పిన గుండె, కిడ్నీ రోగులకు డాక్టరు చెప్పిన కొలతే వర్తిస్తుంది. పూర్తిగా మెలకువగా, నిటారుగా కూర్చున్నప్పుడే నోటికి ఇవ్వాలి. మగతలో ఉన్న మనిషి నోరు తెరిచి నాలుగు చెంచాలు పోయడం ప్రేమతో చేసే పనే గాని, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు ఒప్పుకున్న వెంటనే కుర్చీలో కూర్చోబెట్టండి, ఫిజియోథెరపిస్టు సాయంతో నాలుగు అడుగులు వేయించండి. యూరిన్ పైపు ఇంకా అవసరమా అని రోజూ అడగండి. అది ఎంత త్వరగా తీస్తే అంత మంచిది.

నిద్ర విషయంలో ఆసుపత్రి మనకు సహకరించదు, అడిగి సాధించుకోవాలి. పగలు కిటికీ తెర తీసి వెలుగు రానివ్వండి, మధ్యాహ్నం కునుకు చిన్నదిగా ఉంచండి. రాత్రి మంచం మీది లైటు ఆర్పి, మీ ఫోనులో వీడియోలు ఆపేయండి. అర్ధరాత్రి ఇచ్చే మందులు, బీపీ చూడటం ఒకేసారి ముగించవచ్చేమో సిస్టర్‌ను అడగండి. కళ్లకు గంతలు, చెవుల్లో దూది వంటివి రోగికి ఇష్టమైతేనే వాడండి.

రాత్రి గొడవ చేస్తే

ముందుగా మూత్రం, నొప్పి, దాహం, చలి అన్న నాలుగూ చూడండి. చాలాసార్లు సంగతి అక్కడే తేలుతుంది. గట్టిగా అరవకండి, నలుగురు కలిసి మీద పడకండి, బాగా చనువున్న ఒక్కరే చెయ్యి పట్టుకుని మాట్లాడండి. సెలైన్ సూదిని కట్టు కింద కనిపించకుండా చుట్టమని, మంచం ఎత్తు తగ్గించమని నర్సును అడగండి. చేతులు కట్టేయడం కలవరాన్ని పెంచుతుంది, గాయాలూ చేస్తుంది. శ్వాస గొట్టం లాక్కుంటారన్న భయంతో ఐసీయూలో కట్టవలసి వచ్చినా, ఎంతసేపు, మీరు పక్కన కూర్చుంటే విప్పవచ్చా అని అడగడం మీ హక్కు.

మందు ఆఖరి మార్గం. తనకో ఇతరులకో హాని చేసుకునేంత ఉద్రేకం ఉండి, మిగతావేవీ పనిచేయనప్పుడు, హాలోపెరిడాల్ వంటిది అతి తక్కువ మోతాదులో, కొద్దిరోజులే ఇస్తారు. ఇలాంటి మందులు డెలీరియంను తగ్గిస్తాయన్న ఆశ కూడా పెద్దగా నిలవలేదు. 2018లో వెలువడిన మైండ్ యూఎస్ఏ అధ్యయనంలో ఐసీయూ రోగులకు హాలోపెరిడాల్ ఇచ్చినా డెలీరియం కాలం తగ్గలేదు. పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవారికి ఇది ప్రమాదకరం, ఆ సంగతి ముందే గట్టిగా చెప్పండి. నిద్రపట్టడం లేదని ఇంట్లోని నిద్రమాత్రను ఎవరికీ చెప్పకుండా వేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి.

ఐసీయూలో ఉంటే

అక్కడ పగలూ రాత్రీ తేడా తెలియదు, మీరు రోజుకు రెండుసార్లే లోపలికి వెళ్లగలరు. ఆ కొద్ది నిమిషాలనే వాడుకోండి: మీ పేరు, రోజు, చోటు చెప్పి, చేయి పట్టుకుని, ఇంటి కబురు ఒకటి చెప్పండి. మాట్లాడలేని రోగికి కూడా, ఫలానా అక్షరం వినగానే చెయ్యి నొక్కమని చెప్పి ధ్యాసను పరీక్షించే కామ్ ఐసీయూ పద్ధతి ఉంది. అది రోజూ చేస్తున్నారా అని అడగండి. ఒక కుటుంబ సభ్యుణ్ణి ఎక్కువసేపు ఉండనివ్వమని కూడా అడిగి చూడండి, కొన్నిచోట్ల ఒప్పుకుంటున్నారు.

ఇంటికి వెళ్లేటప్పుడు

కారణం సరిచేసిన వెంటనే మతి కుదుటపడుతుందని అనుకోకండి. కొందరికి రోజుల్లో, కొందరికి వారాల్లో, మరికొందరికి నెలల్లో తేరుకోవడం జరుగుతుంది. కొందరు పూర్తిగా పూర్వస్థితికి రాకపోవచ్చు. ఈ కాలంలో ఆస్తి కాగితాల మీద సంతకాలు, బ్యాంకు లావాదేవీలు చేయించవద్దు. అప్పట్లో చూసిన భయంకర దృశ్యాలు కొందరికి గుర్తుండిపోతాయి, తిట్టానని, బట్టలు విప్పేసుకున్నానని సిగ్గుపడతారు. వాటిని నవ్వులాటగా బంధువులకు చెప్పకుండా, జబ్బు వల్ల అలా జరిగిందని వారికి వివరించండి. మతిమరుపు జబ్బు ఉందో లేదో తేల్చడానికి ఇది సమయం కాదు. సుమారు మూడు నెలల తరువాత జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి. డిశ్చార్జి కాగితంలో డెలీరియం వచ్చిందని, ఏ మందు పడలేదో కూడా రాయించుకోండి. మళ్లీ ఏ ఆపరేషన్ అవసరమైనా మత్తు డాక్టరుకు ముందుగా చూపించవలసిన కాగితం అదే.